గ్రాంటు బడి – సర్కారు తనిఖీ



మనలో ఎయిడెడ్ బడుల్లో పనిచేసి రిటైరైనవారు చాలామంది ఉన్నారు. బడి యాజమాన్యానిది, జీతం సర్కారుది. ఈ ఏర్పాటు ఎలా వచ్చిందో మన పిల్లలకు తెలియదు గనుక నాలుగు మాటలు రాస్తున్నాను.

దీనికి మూలం 1854 నాటి చార్లెస్ వుడ్ విద్యా తాఖీదు. అప్పుడు మన ప్రాంతం బళ్ళారి జిల్లాలో ఉండేది. అనంతపురం వేరు జిల్లా అయింది 1882లో. ప్రైవేటు బడికి గ్రాంటు ఇవ్వవచ్చు, కాని యాజమాన్యం సక్రమంగా ఉండాలి, సర్కారు తనిఖీకి ఒప్పుకోవాలి అన్నది ఆనాటి షరతు.

షరతు కాగితం మీద బాగానే ఉంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ సీమలో అది ఎలా నడిచిందో నేను చూశాను. 1973లో నేను ఒక పల్లెలో ఎయిడెడ్ బడిలో చేరాను. రెవెన్యూ స్టాంపు మీద పూర్తి జీతానికి సంతకం చేసేవాళ్ళం, చేతికి వచ్చేది తక్కువ. ఒక ఏడు వేరుసెనగ ఎండిపోయి జనం బెంగుళూరుకు వలస పోయారు. పిల్లలు తగ్గితే గ్రాంటు తగ్గుతుందని మేనేజరు భయం. ఊళ్ళో లేని పిల్లలకు హాజరు వేయమన్నాడు. వేశాను. ఇన్స్పెక్టరు వచ్చి తలలు లెక్కపెట్టినప్పుడు నేను తల ఎత్తలేకపోయాను. ఉద్యోగం పోతే అడిగే దిక్కు ఉండేది కాదు.

ఆ దిక్కు చట్టాల ద్వారా మెల్లగా వచ్చింది. 1958లోనే కేరళ విద్యా బిల్లుపై సుప్రీంకోర్టు, సంస్థను నడిపే హక్కులో దాన్ని పాడుచేసే హక్కు లేదని తేల్చింది. మన రాష్ట్రంలో 1975 చట్టంతో, అధికారి అనుమతి లేనిదే టీచరును తొలగించే వీలు పోయింది. 1982 విద్యా చట్టం లెక్కల ఆడిట్‌నూ, గాడి తప్పిన యాజమాన్యాన్ని సర్కారు చేతికి తీసుకోవటాన్నీ పొందుపరచింది. 1988 చట్టం మాత్రం 1985 మార్చి 1 తర్వాత వెలసిన సంస్థలకు గ్రాంటు లేదన్నది.

2021లో కథ మలుపు తిరిగింది. ఎయిడెడ్ సంస్థలు ఆస్తులతో సహా సర్కారులో కలవటమో, సిబ్బందిని అప్పగించి సొంతంగా నడుపుకోవటమో తేల్చుకోవాలన్నారు. ఎయిడ్ పోతే ఫీజులు పెరుగుతాయని ఆ నవంబరులో అనంతపురం ఎస్.ఎస్.బి.ఎన్. కళాశాల విద్యార్థులు ఆందోళనకు దిగారు, ఘర్షణలో గాయపడ్డారు. కొద్దిరోజులకే, ఇచ్చిన అంగీకారాన్ని వెనక్కి తీసుకుని ఎయిడెడ్‌గానే కొనసాగవచ్చని ప్రభుత్వం తెలిపింది.

ప్రజల సొమ్ము తీసుకున్న బడికి తనిఖీ ఉండాల్సిందే. అయితే అది పిల్లవాడి చదువునూ, పంతులు జీతాన్నీ కాపాడాలి. తనిఖీ చేయవలసిన సర్కారే బాధ్యత వదిలించుకుంటే, కరువు సీమలో నష్టపోయేది ఫీజు కట్టలేని పిల్లవాడే. నేను దొంగ హాజరు వేసిన పిల్లల మనవళ్ళు ఈనాడు బడిలో ఉండి ఉంటారు. వారి హాజరు నిజమైనది కావాలని నా కోరిక.