తెరమీద గీత - తెరవెనుక ఎవరు?

మతగ్రంథాలు సెల్‌ఫోన్‌లోకి రావడం ధర్మ పునరుద్ధరణ అని కొందరు మురిసిపోతున్నారు. మనలో కొందరు దాన్ని మూఢత్వానికి కొత్త ముసుగని కొట్టిపారేస్తున్నారు. రెండూ చరిత్రను చూడని మాటలే. గ్రంథం ఏ రూపంలో వచ్చినా దాని వెనుక ఎవరిదో చేయి ఉంటుంది. అది ఎవరిదో పాఠకుడికి తెలుస్తున్నదా అన్నదే అసలు ప్రశ్న.

భగవద్గీతనే తీసుకుందాం. తాళపత్రాల కాలంలో అక్షరం కొద్ది కులాల సొత్తు. గీతా వారి చేతుల్లోనే ఉండేది. అయినా చాలా ప్రతుల చివర లేఖకుడు తన పేరు చెప్పుకొని, చూసినదే రాశానని, తప్పులుంటే మన్నించమని వేడుకొనేవాడు. 1785లో చార్లెస్ విల్కిన్స్ ఇంగ్లీషు అనువాదం లండన్‌లో అచ్చయింది. జయించిన ప్రజలను గురించిన జ్ఞానం రాజ్యానికి ఉపయోగమని వారన్ హేస్టింగ్స్ దాని ముందున్న లేఖలో దాచకుండా చెప్పాడు. 1923లో గోరఖ్‌పూర్‌లో స్థాపితమైన గీతాప్రెస్ గీతను చౌకగా ఇంటింటికీ చేర్చింది. సనాతన ధర్మ ప్రచారమే తన ధ్యేయమని అదీ బాహాటంగానే ప్రకటించుకుంది. పుణెలోని భండార్కర్ సంస్థ 1919లో మహాభారత సంశోధిత ప్రతికి పూనుకొని, 1,259 రాతప్రతులను పరిశీలించి, 1966లో ముగించింది. పాఠాంతరాలను పుట అడుగున పాఠకుడి ముందే పెట్టింది. ఇలా లేఖకుడు, పాలకుడు, ప్రచారకుడు, పండితుడు నలుగురూ తమ చిరునామా వదిలిపోయారు.

నేను చూసిన కొన్ని గీతా యాప్‌లలో ఆ చిరునామా లేదు. అనువాదకుడెవరు? ఏ భాష్యాన్ని అనుసరించాడు? ఖర్చు ఎవరిది? జవాబు లేదు. తొమ్మిదో అధ్యాయం ముప్ఫైరెండో శ్లోకం చూడండి. అందులోని ‘పాపయోనులు’ అన్న మాట స్త్రీలకు, వైశ్యులకు, శూద్రులకే వర్తిస్తుందని శంకరుడు భాష్యం చెప్పాడు. అది వేరే వారిని ఉద్దేశించినదని మరికొందరు వ్యాఖ్యాతలు అన్నారు. ఇంత వివాదమున్న శ్లోకానికి ఒక యాప్ ఇచ్చిన తాత్పర్యం: అందరూ మోక్షానికి అర్హులే! ఆ మాటా లేదు, ఆ వివాదమూ లేదు. ఆ శ్లోకం ఎవరిని గురించి మాట్లాడుతున్నదో ఆ పిల్లలే నా తరగతిలో కూర్చుంటారు. తమను గురించి గ్రంథం ఏమన్నదో, దాన్ని ఎవరు ఎలా వ్యాఖ్యానించారో తెలుసుకొనే హక్కు వారికి లేదా?

ఇది యంత్రం లోపం కాదు. అమెరికాలోని లైఫ్ చర్చ్ 2008లో తెచ్చిన బైబిలు యాప్‌లో చదువుతున్నది ఏ అనువాదమో కనిపిస్తుంది. అనువాదాలను పోల్చి చూసుకోవచ్చు. అదీ మతప్రచారమే. కానీ పాఠకుడి చేతికి ఒక కొలబద్ద దొరుకుతున్నది.

ఎవరి అనుమతీ అడగకుండా ఏ కులం పిల్లయినా గీత తెరవగలగడం చరిత్రలో ముందడుగే. దాన్ని మనం కాదనరాదు. అయితే పాత గురువు ఎదుట కూర్చొని మాట్లాడేవాడు గనుక ఎదురు ప్రశ్న వేయడానికి మనిషైనా ఉండేవాడు. ఈ కొత్త గురువుకు ముఖం లేదు. కనుక మనం కోరవలసింది నిషేధం కాదు, ముఖపత్రం. మూలప్రతి ఏది, అనువాదం ఎవరిది, డబ్బు ఎవరిది - ఈ మూడూ మొదటి తెరమీదే ఉండాలి. పేరులేని తాళపత్ర లేఖకుడు కూడా పాటించిన మర్యాదను ఇంత సాంకేతిక సంపత్తి ఉన్నవారు పాటించలేరా?