దస్తక్‌కూ ఒక తర్తీబ్ ఉంది

ఉర్దూ మీడియంలో చదువుకున్న నాకు ఇంటరప్ట్ అనే మాట వినగానే గుర్తొచ్చేది దస్తక్, అంటే తలుపు తట్టడం. కంప్యూటర్ ప్రాసెసర్ ఏదో లెక్కలో మునిగి ఉంటుంది. అంతలో కీబోర్డు మీద ఒక అక్షరం పడుతుంది, లేదా డిస్క్ తన పని అయిపోయిందని చెప్పాలనుకుంటుంది. ప్రాసెసర్ ఆగిన చోటు గుర్తుపెట్టుకుని, వచ్చినవాళ్ల అర్జీ విని, మళ్లీ పాత లెక్కకే రావాలి. నలుగురు ఒకేసారి తలుపు తడితే ఎవరిని ముందు పంపాలో తేల్చే దర్బాన్ ఇంటరప్ట్ కంట్రోలర్.

మా బాటసింగారం వాళ్లకు ఇది చెప్పడం ఆసాన్. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఇక్కడికొచ్చాక మామిడి సీజన్‌లో లారీల వరస చూస్తూనే ఉన్నాం. అన్నీ ఒక్కసారే లోపలికి తోసుకొస్తే వేలంపాట సాగదు.

ఈ దస్తక్ తారీఖ్‌లో కూడా మొదట కనిపించేది లారీయే. 1954లో అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ తయారుచేసిన డైసియాక్ కంప్యూటర్‌ను ట్రక్కులో అమర్చారు. బయటి పరికరాలు ప్రాసెసర్ తలుపు తట్టే ఏర్పాటు ఉన్న తొలి యంత్రాల్లో అదొకటి. కొన్నేళ్లకు హాలెండ్‌లో ఎలక్ట్రోలాజికా ఎక్స్1 అనే యంత్రానికి ఇదే ఏర్పాటు పెడదామంటే ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా జంకాడు. భయం సబబే. దస్తక్ ఏ క్షణాన పడుతుందో తెలియదు కాబట్టి ఇవాళ జరిగిన తప్పు రేపు మళ్లీ జరగకపోవచ్చు. మళ్లీ కనిపించని తప్పును పట్టుకునేదెలా? చివరికి ఒప్పుకుని ఆ పని పూర్తిచేశాడు. 1959లో దాని మీదే డాక్టరేట్ థీసిస్ ఇచ్చాడు.

ఆ భయానికి ఒక జవాబు సిమ్యులేటర్. ఒక ప్రాసెసర్ నడకను మరో కంప్యూటర్ మీద నకల్ చేసే ప్రోగ్రాం ఇది. ఇందులో వఖ్త్ మన చేతిలో ఉంటుంది. వెయ్యో ఆదేశం దగ్గర దస్తక్ పడాలంటే ఎన్నిసార్లు నడిపినా సరిగ్గా అక్కడే పడేలా చేయొచ్చు. అప్పుడు తప్పు కూడా మళ్లీ మళ్లీ అక్కడే దొరుకుతుంది.

కానీ నకల్ అసల్‌లాగే ఉండాలి. ఇంటెల్ 8259 అనే దర్బాన్ చిప్‌నే తీసుకోండి. దానికి ఎనిమిది తలుపులు. 1981 నాటి ఐబీఎం పీసీలో ఒక చిప్ ఉండేది. 1984 పీసీ ఏటీలో రెండు పెట్టారు. రెండోదాన్ని మొదటిదాని ఒక తలుపుకు కట్టారు కాబట్టి మిగిలినవి 15. లోపల మూడు ఖాతాలు ఉంటాయి: ఎవరు తలుపు తట్టారు, ఎవరి పని నడుస్తోంది, ఎవరికి ఇజాజత్ లేదు. వీటిని నకల్ చేయడం కష్టం కాదు.

మెలిక మరోచోట ఉంది. తలుపు తట్టినవాడు, ప్రాసెసర్ ‘ఎవరు?’ అని అడిగేలోపే వెళ్లిపోతే ఈ చిప్ ‘ఎవరూ లేరు’ అనదు. సున్నా నుంచి లెక్కపెడితే ఏడో నంబరు తలుపు పేరు చెబుతుంది. అది ఝూట్ అని లినక్స్ లాంటి సాఫ్ట్‌వేర్‌కు తెలుసు, తెలిసే విని వదిలేస్తుంది. సిమ్యులేటర్ రాసేవాళ్లు ఈ ఝూట్‌ను కూడా నకల్ చేయాలి. లేకపోతే అసలు యంత్రం మీద వచ్చే చిక్కు నకల్‌లో కనిపించదు.

మన హైదరాబాద్‌కు ఇది పరాయి కథ కాదు. ఏ.ఎస్. రావు సారథ్యంలో 1967లో ఇక్కడ మొదలైన ఈసీఐఎల్, 1969లో టీడీసీ-12 కంప్యూటర్ అందించింది. 1970లలో టీడీసీ-312, టీడీసీ-316 వచ్చాయి. అమెరికాలో బాబ్ సప్నిక్ 1993లో మొదలుపెట్టిన సిమ్‌హెచ్ అనే ప్రోగ్రాం, మూలనపడ్డ పాత కంప్యూటర్లెన్నింటినో మళ్లీ నడిపిస్తోంది. మన యంత్రాలను అలా బతికించాలంటే కూడికలు తీసివేతల పట్టిక ఒక్కటే చాలదు. ఏ దస్తక్‌కు ముందు జవాబు, ఏది ఎప్పుడు ఆగాలి అనే తర్తీబ్ కావాలి. అది మాన్యువల్ అంచున పెన్సిల్‌తో రాసిన ఒక వాక్యంలోనో, ఒక పెద్దమనిషి యాద్‌లోనో ఉండొచ్చు.

మీ ఖాందాన్‌లో గానీ, మొహల్లాలో గానీ ఆ యంత్రాల మీద పనిచేసిన బుజుర్గ్ ఉంటే వెళ్లి కూర్చోండి, అడగండి, రాసుకోండి. పెట్టెలోని పాత మాన్యువళ్లను పేపర్లవాడికి తూకానికి వేయకండి. కిలోకు వచ్చే ఆ నాలుగు రూపాయలకు మన తారీఖ్‌లో ఒక వరఖ్ పోతుంది.