చర్మం దారిన చేరే విషం

చేవెళ్ల, మొయినాబాద్, ప్రొద్దుటూరు ప్రాంతాల్లో కూరగాయల తోటల్లో మందు కొట్టేవారు ముక్కుకు గుడ్డ కట్టుకుని, కాళ్లూ చేతులూ వదిలేయడం మామూలే. విషం ఊపిరితోనే వస్తుందన్న ఈ నమ్మకం 1962లోనే వీగిపోయింది. అమెరికాలో డర్హం, వుల్ఫ్ అనే పరిశోధకులు మందు కొట్టేవారి ఒంటికి మెత్తలు అతికించి కొలిస్తే, పీల్చినదానికన్నా చర్మం మీద పడినదే చాలా ఎక్కువని తేలింది. పడినదంతా లోపలికి పోదు కదా అనవచ్చు. నిజమే, కానీ ఎంత పోతుందన్నది ఒంట్లోని చోటును బట్టి ఉంటుంది. 1971లో మైబాక్ అనే పరిశోధకుడి బృందం స్వచ్ఛందంగా వచ్చినవారికి పారాథియాన్ అనే పురుగుమందు పూసి మూత్రంలో లెక్కగడితే, ముంజేతి నుంచి సుమారు 9 శాతం, నుదుటి నుంచి 36 శాతం, వృషణాల చర్మం నుంచి దాదాపు మొత్తం ఇంకింది. వీపు మీది పంపు కారి లుంగీ తడిస్తే జరిగేది ఇదే.

1975లో ఫ్రాంజ్ అనే పరిశోధకుడు గాజు పాత్రల మధ్య చర్మపు ముక్కను బిగించి పరీక్షించే పద్ధతిని నిలబెట్టాడు. మనుషులకు విషం పూయాల్సిన అవసరం అలా తగ్గింది. అది గొప్ప మేలే, కానీ ఆ ముక్కకు మే నెల ఎండా చెమటా తెలియవు. 1971 నాటి మన పురుగుమందుల నియమాలు రక్షణ దుస్తులు వేసుకోమన్నాయి. ఆ ఎండలో అవి ఒంటిమీద నిలవవు. మన వేడికి తగ్గ పరీక్షలూ, తేలికైన దుస్తులూ ప్రభుత్వమే తేవాలి. అప్పటిదాకా మందు పడిన చోటును వెంటనే సబ్బుతో కడగండి, తడిసిన బట్ట మార్చండి.