రేవు కూడా రోడ్డే

పామిడిముక్కల మండలంలో వీరంకిలాకు మీదుగా పోయే కాలువలో ఒకప్పుడు ధాన్యం పడవలు నడిచేవి. 1855లో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టాలో కాలువలు పొలాలకు నీళ్ళిచ్చాయి, సరుకుకు దారీ ఇచ్చాయి. ఆ దారిని లెక్కలోకి తేవడానికి మద్రాసు సర్కారు 1890లో కాలువలకూ రేవులకూ కలిపి ఒక చట్టం చేసింది. పడవలకు లైసెన్సులు, కాలువల్లో సుంకాలు, నది దాటే రేవుల మీద హక్కులు అన్నీ అందులోకే వచ్చాయి. రేవును వేలం వేస్తారు. ఎక్కువ పాడినవాడు ఆ ఏడాదికి పాటదారు. సర్కారుకు కట్టిన సొమ్మునూ తన లాభాన్నీ దాటేవాళ్ళ దగ్గరే రాబట్టుకుంటాడు.

ఆ రోజుల్లో రోడ్ల మీద కూడా టోలుగేట్లు ఉండేవి కాబట్టి బండివాడూ కట్టేవాడు, పడవ ఎక్కినవాడూ కట్టేవాడు. ఇద్దరి దారులు విడిపోయింది 1931లో. మద్రాసు రాష్ట్రంలో మోటారు వాహనాల పన్ను చట్టం వచ్చి స్థానిక బోర్డుల టోలుగేట్లను ఎత్తేసింది. బోర్డులు పోగొట్టుకున్న ఆదాయానికి ఆ పన్ను నుంచే పరిహారం ఏర్పాటు చేశారు. రోడ్డు అందరిదీ, దాని ఖర్చు అందరూ పంచుకోవాలన్న ఆలోచన అప్పుడు అమలుకు వచ్చింది. అది రేవు దాకా రాలేదు. స్వాతంత్ర్యం వచ్చి, బోర్డులు పోయి పరిషత్తులూ పంచాయతీలూ వచ్చినా రేవు మాత్రం వేలంపాట సరుకుగానే మిగిలింది.

ఈ డెల్టా చివర ఉన్న దివిసీమలో చాలామందికి ఈ రేవు ఖర్చు బాధ వంతెనలతో తీరింది. 2006లో పులిగడ్డ–పెనుమూడి వంతెన వచ్చాక రేపల్లె వైపు వెళ్ళేవాళ్ళు రేవును మర్చిపోయారు. ఉల్లిపాలెం–భవానీపురం వంతెన బందరును దగ్గర చేసింది. మిగిలింది చివరి అంచు. నాగాయలంక మండలంలో ఏటిమొగ నుంచి పంటు ఎక్కితేనే ఎదురుమొండి. ఈలచెట్లదిబ్బకు పడవే దిక్కు. బియ్యం, గ్యాస్ బండ, సిమెంటు బస్తా, మోటారు సైకిలు, పురిటి నొప్పులొచ్చిన మనిషి అన్నీ ఆ నీటి మీదే కదలాలి. దీవిలో పట్టిన చేప, చెరువులో పెంచిన రొయ్య అవతల మార్కెట్టుకు చేరాలన్నా అదే దారి. కాబట్టి రేవు ఖర్చు దీవివాళ్ళ మీద రెండు వైపులా పడుతుంది. కొనేది ఎక్కువ ధరకు కొనాలి, అమ్మేది తక్కువ ధరకు అమ్మాలి.

2025 ఆగస్టు 15న ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణమిచ్చే స్త్రీ శక్తి పథకం మొదలయ్యాక ఈ అన్యాయం ఇంకా స్పష్టంగా కనబడుతోంది. నాగాయలంకలో పల్లెవెలుగు బస్సు ఎక్కిన ఆడమనిషి అవనిగడ్డకు గానీ విజయవాడకు గానీ రూపాయి ఇవ్వకుండా వెళ్ళొచ్చు. మంచి పథకమే, మనస్ఫూర్తిగా అంటున్నాను. కానీ ఎదురుమొండి ఆడపడుచు ప్రయాణం బస్సుతో మొదలు కాదు, రేవుతో మొదలవుతుంది. నేల మీద అన్ని మైళ్ళు ఉచితం చేసిన సర్కారు ఆ కాస్త నీటిని ఎందుకు వదిలేసింది?

నీటిని రోడ్డుగా లెక్కగట్టే పద్ధతి ఒకటి ఉంది. అది నార్వే వాళ్ళ ఆలోచన. అక్కడ ఫెర్రీని రహదారిలో భాగంగా చూశారు. దాన్ని 1974లో స్కాట్లాండులోని హైలాండ్స్ అండ్ ఐలాండ్స్ అభివృద్ధి బోర్డు అందుకుని, దీవులకు సరుకు రవాణా ఖర్చు మీద నివేదిక రాసింది. సూత్రం చాలా తేలిక. అంతే దూరం రోడ్డు మీద కారు నడిపితే ఎంత అవుతుందో చూసి, దానికి కొద్దిపాటి స్థిర మొత్తం కలిపితే అదే ఛార్జీ. మిగతా ఖర్చు సర్కారు భరిస్తుంది. ఇంత తేలిక సూత్రం అమలు కావడానికి ముప్పై ఏళ్ళు దాటింది. 2008 అక్టోబరులో కొన్ని దీవుల్లో ప్రయోగంగా మొదలుపెట్టి, 2015 నాటికి పశ్చిమ తీరంలోని క్లైడ్, హెబ్రిడీస్ మార్గాలన్నిటికీ విస్తరించారు.

ఛార్జీలు తగ్గగానే కొత్త చిక్కు వచ్చింది. తక్కువ ధర అందరికీ కాబట్టి వేసవిలో పర్యాటకుల కార్లు ఓడలు నింపేశాయి, ఆసుపత్రికి వెళ్ళాల్సిన దీవివాడికి చోటు దొరకని రోజులు వచ్చాయి. 2012లో పెద్ద సరుకు లారీలను ఈ లెక్క నుంచి తప్పించినప్పుడు దీవుల వ్యాపారులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. మనిషికి చౌక, సరుకుకు ఖరీదు అయితే ఆ భారం చివరికి కిరాణా కొట్టు బిల్లులో తేలుతుందని వాళ్ళకు తెలుసు.

అండమాన్‌లో దారి వేరు. ఇప్పుడు శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు, ముఖ్యంగా శ్రీకాకుళం నుంచి వెళ్ళినవాళ్ళకు, ఇది బాగా తెలుసు. దీవి నివాసి అని కార్డు చూపిస్తే సర్కారు ఓడల్లో ఒక ఛార్జీ, బయటివాళ్ళకు ఇంకో ఛార్జీ. చూడ్డానికి వచ్చినవాడు ఎక్కువ కడతాడు, బతకడానికి దాటేవాడు తక్కువ కడతాడు. ఎదురుమొండికి నా మనసు ఈ పద్ధతి వైపే మొగ్గుతుంది. దీవి చిరునామా ఉన్న ప్రతి మనిషికీ పంటు ఉచితం, దీవి సరుకుకు రోడ్డు మీద అంతే దూరానికి పడే కిరాయి. విద్యార్థులకు ఆర్టీసీ రాయితీ పాసులు ఇస్తున్న రాష్ట్రానికి ఇది కొత్త లెక్కేమీ కాదు.

వంతెన వస్తుందిగా అని కొందరంటారు. రావాలి. అయితే ఎదురుమొండికి వచ్చే వంతెన ఈలచెట్లదిబ్బను నేలకు కలపదు. అది పూర్తయ్యేలోపు పుట్టే పిల్లలు, బడికి పోయే పిల్లలు ఉంటారు.

ముందు మార్చాల్సింది వేలం పద్ధతి. ఇప్పుడు ఎక్కువ పాడినవాడిదే రేవు కాబట్టి, పాట పెరిగితే ఆ భారం ప్రయాణికుడి మీదకే వస్తుంది. దాన్ని తిరగేయాలి. ఛార్జీని సర్కారే నిర్ణయించి, ఎన్నింటి నుంచి ఎన్నింటిదాకా నడపాలో, రాత్రిపూట రోగి వస్తే బయలుదేరడానికి పడవా సరంగూ ఎక్కడుండాలో, ఎన్ని లైఫ్ జాకెట్లు ఉండాలో ముందే రాసిపెట్టాలి. అవన్నీ నెరవేరుస్తూ సర్కారు నుంచి అతి తక్కువ సాయం అడిగినవాడికి రేవు అప్పగించాలి. వేలం ఆదాయం పోతుందని పంచాయతీ వెనకాడితే, 1931లో బోర్డులకు చేసినట్టే ఆ మొత్తాన్ని రాష్ట్రం భర్తీ చేయాలి.