నల్లగొండ, పాలమూరు కథలు: సంప్రదాయం, సంఘర్షణ

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాల రచయితల కథల్లో తరచుగా కనిపించే వస్తువు, ఊరి కట్టుబాటుకూ దానికి తలవంచని మనిషికీ మధ్య పెనుగులాట. ఇది మొదట దొర గడి ముందు, సర్కారు కచేరీ ముందు జరిగింది. తరువాత ఇంట్లోకి వచ్చింది, ఆపైన వాడలోకి మళ్లింది. 2016లో ఈ జిల్లాలు చీలి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల వంటి కొత్త జిల్లాలు ఏర్పడ్డా, సాహిత్య చర్చలో పాత పేర్లే నడుస్తున్నాయి.

నిజాం పాలనలో కచేరీ భాష, పై చదువుల భాష ఉర్దూ. సభ పెట్టాలంటే 'గస్తీ నిషాన్ తిర్పన్' కింద సర్కారు అనుమతి కావాలి. ఆ పరిస్థితిలో కథ అచ్చు కావడమే కష్టం. సూర్యాపేటలో చదువుకున్న మాడపాటి హనుమంతరావు 'హృదయశల్యం' 1912లో వచ్చింది. 1922లో షబ్నవీసు వెంకట రామనరసింహారావు నల్లగొండ నుంచే 'నీలగిరి' పత్రిక నడిపారు. 1926లో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకుడుగా హైదరాబాదులో 'గోలకొండ' మొదలయ్యాక ఇక్కడి రచయితలకు నిలకడైన చోటు దొరికింది.

గద్వాల ప్రాంతపు ఇటిక్యాలపాడు సురవరం వారి ఊరు. 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాసిన పండితుడుగా ఆయన పేరు అందరికీ తెలుసు, కథకుడుగా తెలిసినవాళ్లు తక్కువ. 'మొగలాయి కథలు'లో ఆయన సర్కారు అధికారాన్ని నవ్వులాటగా పట్టుకున్నారు. 'గ్యారా కద్దూ బారా కొత్వాల్' అన్న హైదరాబాదీ నానుడి ఉంది. కాయలు పదకొండు, వాటిమీద హక్కు చెప్పే కొత్వాళ్లు పన్నెండుగురు. పన్నెండోవాడి వాటా ఎక్కడిదన్న ప్రశ్నలోనే అప్పటి పరిపాలన అంతా ఉంది. అలాంటి ముచ్చటను కథగా మలచడం ఆయన నేర్పు. 'సంఘాల పంతులు'లో మాత్రం నవ్వు పలచబడి వెట్టిచాకిరీ ముందుకొస్తుంది. ఊరికి అధికారి వస్తే కుమ్మరి కుండలు, మాదిగ చెప్పులు ఊరికే ఇవ్వాలి. ఆడవాళ్లు వడ్లు దంచిపెట్టాలి. సామాను మోసేవాడికి కూలి అడిగే హక్కు లేదు. ఇదంతా 'ఆనవాయితీ' పేరుతోనే నడిచింది. అందువల్ల ఈ తరం కథలో సంప్రదాయమంటే పండుగలు, పెళ్లి తంతులు కావు. పట్వారీ, మాలీపటేల్, పోలీసు పటేల్ తరతరాలుగా అనుభవించిన హక్కులు.

1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన భువనగిరిలో జరిగిన ఆంధ్రమహాసభలో అతివాదులు, మితవాదులు వేరుపడ్డారు. 1946 జులై 4న, అప్పటి నల్లగొండ జిల్లాలోని కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగారు. తెలంగాణ సాయుధ పోరాటం 1951 దాకా సాగింది. ఆ కాలపు కథకుల్లో ఎక్కువగా చెప్పుకోవలసినవాడు వట్టికోట ఆళ్వారుస్వామి (1915–1961). నకిరేకల్ దగ్గరి చెరువు మాదారంలో పుట్టి, పంతులు ఇంట్లో వంట చేస్తూ చదువుకుని, హోటల్లో పనిచేసి, 'గోలకొండ'లో ప్రూఫులు దిద్దారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, అచ్చువేసిన పుస్తకాలను తానే ఊరూరా తిరిగి అమ్మారు. జైలులో ఆయనకు తోడు దాశరథి కృష్ణమాచార్య. దాశరథి 'అగ్నిధార'ను వట్టికోటకే అంకితమిచ్చారు. ఆళ్వారుస్వామి 'జైలు లోపల' కథల్లో తన రాజకీయ సహచరులను పక్కనపెట్టి, మామూలు నేరాలకు శిక్షపడ్డవాళ్లను పలకరించారు. వాళ్లను ఆ నేరం దాకా తోసిన ఊరి పద్ధతులేమిటో తవ్వితీశారు. 'ప్రజల మనిషి' నవలకు వచ్చిన పేరు ఈ కథలకు రాలేదు. చూపులో మాత్రం ఇవే సూటిగా ఉంటాయి.

ఇక్కడ ఒక అమెరికా కథతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. షర్లీ జాక్సన్ 'ది లాటరీ' 1948 జూన్‌లో వచ్చింది. హైదరాబాదు మీద పోలీసు చర్య ఆ సెప్టెంబరులోనే. జాక్సన్ కథలో ఊరంతా ఏటా చీటీలు తీసి, పేరు వచ్చిన మనిషిని రాళ్లతో కొట్టి చంపుతుంది. ఎందుకో ఎవరికీ సరిగా గుర్తులేదు. దోషి పలానా అని వేలు చూపించలేం. నల్లగొండ కథలో దోషికి పేరుంది, గడి ఉంది, భూమి దస్తావేజులున్నాయి. ఈ స్పష్టత కథలకు బలం ఇచ్చింది. దొర లేనిచోట కూడా ఊరు క్రూరంగా ఉండగలదన్న సంగతి కథలోకి రావడానికి అదే అడ్డుపడిందేమో కూడా.

ఆ సంగతి ఇళ్లలో నుంచి వచ్చింది. బిజినేపల్లిలో పుట్టిన పాకాల యశోదారెడ్డి (1929–2007) ఉస్మానియాలో ఆచార్యులు, హరివంశాల మీద పరిశోధన చేసిన విదుషి. కథ దగ్గరికి వచ్చేసరికి ఆ పాండిత్యాన్ని గడప బయట విడిచి, పాలమూరు ఆడవాళ్ల మాటతోనే 'మా ఊరి ముచ్చట్లు' (1973), తరువాత 'ఎచ్చమ్మ కథలు' చెప్పారు. చెప్పారు అనడమే సరి. ఎదుట కూర్చున్నవాళ్లను పలకరిస్తూ, సామెత వెంట సామెత దొర్లిస్తూ సాగుతుంది ఆ కథనం. మేనరికాలు, వాయినాలు, అత్తాకోడళ్ల పోరు ఆమెకు ప్రియమైనవీ, నొప్పి పెట్టినవీ. కలిగిన కుటుంబం నుంచి చూసిన ఊరు కాబట్టి వెట్టివాడి ఆకలి ఆమె కథల్లో కొంచెం దూరంగానే ఉంటుంది. అదే 1973లో ఆలిస్ వాకర్ 'ఎవ్రీడే యూజ్' వచ్చింది. అమ్మమ్మ కుట్టిన బొంతలను చదువుకున్న కూతురు గోడకు వేలాడదీస్తానంటుంది. తల్లి వాటిని, రోజూ కప్పుకునే చిన్న కూతురికే ఇస్తుంది. ఆ తగాదాలో యశోదారెడ్డి చిన్న కూతురి వైపే నిలబడేవారు.

నల్లగొండ జిల్లా ఆకారంలో పుట్టిన ముదిగంటి సుజాతారెడ్డి 'విసుర్రాయి', 'మింగుతున్న పట్నం' సంపుటాల్లో పల్లె కట్టుబాట్లు పట్నపు మార్కెట్ దాకా ఎలా వచ్చాయో చూశారు. పంతంగికి చెందిన బోయ జంగయ్య (1942–2016) 'గొర్రెలు', 'చీమలు' కథలతో పోరును దళితవాడ నుంచి చెప్పారు. స్కైబాబ 2004లో 'వతన్' సంకలనంతో, ఆపైన తన 'అధూరె' కథలతో ముస్లిం ఇళ్ల లోపలి ఆంక్షలనూ, బయట ఎదురయ్యే అనుమానాన్నీ ఒకే చోటికి తెచ్చారు.

పాత పత్రికల్లో పడి ఉన్న కథలను వెలికితీసిన పనికి సంగిశెట్టి శ్రీనివాస్ 'దస్త్రమ్' కథాసూచి, సుజాతారెడ్డితో కలిసి ఆయన తెచ్చిన 'తొలితరం తెలంగాణ కథలు' ఆధారాలు. అవి లేకముందు తెలంగాణలో కథే ఆలస్యంగా పుట్టిందన్న మాట చెల్లుబాటైంది.

పాలమూరు నుంచి గుంపు మేస్త్రీల వెంట కట్టల మీదికి, కాలువల పనికి దేశమంతా వెళ్లిన కూలీల బతుకు కథలోకి రావలసినంతగా రాలేదు. ముందుగా ఇచ్చిన బయానా, దాన్ని తీర్చేదాకా కదలనివ్వని మేస్త్రీ, ఊళ్లో మిగిలిన ముసలివాళ్లు కలిస్తే పాత వెట్టి కొత్త లెక్కల్లో కనిపిస్తుంది. ఆ దుఃఖాన్ని నాగర్‌కర్నూల్ ప్రాంతపు గోరటి వెంకన్న వంటివాళ్ల పాట ఎక్కువగా మోసింది.