వానయు నిబంధనయు: ధర్మశాస్త్రకృపల సంబంధమునకు కళ్యాణదుర్గపు మెట్టనుండి యొక పరిశీలన

ద్వితీయోపదేశకాండము పదునొకండవ అధ్యాయమున వర్షము షరతునకు లోబడినది: ఆజ్ఞలను పాటించినచో తొలకరియు కడవరివానయు సకాలమున వచ్చును, అన్యదేవతలను కొలిచినచో ఆకాశము మూతపడును. మత్తయి సువార్త ఐదవ అధ్యాయమునను వర్షమే కలదు గాని, అచ్చట నది మంచివారి చేనను చెడ్డవారి చేనను ఒక్కరీతిగనే కురియును. నైరృతి ఋతుపవనమును పడమటికనుమలు నిలుపుకొనగా, ఈశాన్య ఋతుపవనము చేరులోపలనే బలము తఱిగిపోగా, సాలునకు సుమారు 550 మిల్లీమీటర్ల వానతో కాలము గడుపు అనంతపురము జిల్లాలో, కళ్యాణదుర్గపు ఎఱ్ఱగరుసునేలలో వేరుసెనగ విత్తి మబ్బుకై ఎదురుచూచు సేద్యగానికి ఈ భేదము కేవల వేదాంతచర్చ కాదు. కరవువచ్చిన యేట నది ‘ఇది యెవరి పాపము?’ అను ప్రశ్నయై యింటి గడప దాటి లోనికి వచ్చును. ఆ ప్రశ్నకు క్రైస్తవుల నిబంధనాసిద్ధాంతము, అనగా దేవుడు మనుష్యులతో చేసిన ఒడంబడికలను గూర్చిన బోధ, ఒసగు సమాధానమును పరిశీలించుటయే ఈ వ్యాసమున కుద్దేశము.

ముందుగా పరిభాషను గూర్చి కొంత చెప్పవలసియున్నది. హీబ్రూభాషయందలి ‘తోరా’ తెలుగు బైబిలున ‘ధర్మశాస్త్రము’ అయినది. ఈ మాట వినినంతనే తెలుగువానికి మనుయాజ్ఞవల్క్యాది స్మృతులును, అందలి వర్ణవిధులును ప్రాయశ్చిత్తములును స్ఫురించును. ‘తోరా’ శబ్దమునకో దారిచూపు ఉపదేశమని మూలార్థము. నిర్గమకాండము ఇరువదవ అధ్యాయమున దశాజ్ఞలకు ముందుగనే, ఐగుప్తు దాస్యమునుండి విడిపించినవాడను నేనేయని దేవుడు తన్ను ఎఱిగించుకొనుచున్నాడు. అనగా సీనాయికొండయొద్దను విమోచనము ముందును, విధి వెనుకయు. పాతనిబంధన కేవలము ధర్మశాస్త్రమనియు, క్రొత్తనిబంధన కేవలము కృపయనియు చేయు విభాగమును ఈ క్రమమొక్కటియే నిలువనీయదు. 1977లో బైబిలు పండితుడు ఇ. పి. సాండర్స్ తన గ్రంథమున ప్రాచీన యూదమతమును గూర్చి ప్రతిపాదించినదియు ఇంచుమించుగ నిదియే: ఆజ్ఞాపాలనము నిబంధనలో ప్రవేశించుటకు మూల్యము కాదు, ప్రవేశించినవాడు అందు నిలుచు విధానము.

నిబంధనలన్నియు ఒకే తీరువి కావు. నోవహుతో చేసినది సమస్త ప్రాణికోటితోను చేసినది. దానికి గుర్తు మేఘమునందలి యింద్రధనుస్సు, షరతు లేదు. ఆదికాండము పదునైదవ అధ్యాయమున ఖండింపబడిన పశువుల నడుమ అగ్నిరూపమున నడచినది దేవుడొక్కడే. అబ్రాహాము గాఢనిద్రలో నుండెను. సీనాయియొద్దనో ప్రజలు తామును మాట యిచ్చిరి. మన దస్తావేజుల భాషలో చెప్పవలెనన్న, అబ్రాహామునకు లభించినది దానపత్రము, సీనాయి నిబంధన గుత్తకరారును పోలినది. నాలుగువందల ముప్పది యేండ్లకు పిదప వచ్చిన కరారు పూర్వపు దానపత్రమును కొట్టివేయజాలదని గలతీయులకు వ్రాసిన లేఖలో పౌలు వాదించెను. పాతనిబంధన గ్రీకు అనువాదకులును ‘నిబంధన’ యను మాటకు ఉభయపక్షముల ఒడంబడికయను అర్థముగల ‘సుంథేకే’ను విడిచి, వీలునామాయను అర్థముగల ‘దియాథేకే’నే గ్రహించిరి. అయినను గుత్త తప్పిన రైతును నేలనుండి తొలగింతురు. యిర్మీయా ముప్పదియొకటవ అధ్యాయమున, కరారు తప్పిన జనమునకే, హృదయములపై వ్రాయబడు క్రొత్త నిబంధన వాగ్దానము చేయబడినది. ఉపమానము చాలక ఆగిన ఆ చోటనే కృప మొదలగుచున్నది.

దానపత్రమునకును కరారునకును గల యీ భేదమే, కృపకును కూలికిని గల భేదముగ, తెలుగునాట నొకతఱి కరవునందే పరీక్షకు వచ్చెను. 1876–78 నాటి మహాక్షామము, అప్పటికి బళ్లారి జిల్లాలోనే యున్న అనంతపురపు సీమను పీడించుచుండగా, ఒంగోలున అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బకింగ్‌హాం కాలువ త్రవ్వకమున కొంతభాగమును గుత్తకు తీసికొని, పేదలకు, విశేషముగ మాదిగలకు, పని కల్పించెను. ఆ పని సాగినంతకాలము బాప్తిస్మము నియ్యక నిలిపి, కరవు తగ్గిన పిమ్మట 1878 జూలై 3వ తేదీన ఒక్కనాడే 2,222 మందికి ఇచ్చుట జరిగెను. పనివాని కూలి ఋణమే గాని దానము కాదన్న రోమా పత్రికలోని వివేకము ఆ నిరీక్షణమున నున్నది. వచ్చినవారి ఆంతర్యమును దీనినిబట్టియే తేల్చలేము; స్మృతుల ధర్మశాస్త్రము వెలివేసిన జనమునకు ఊరిలో గౌరవమును కూడ ఆశింపదగినదే. అయినను గింజకును కృపకును నడుమ గీత గీయబడినది.

ఇక ‘ఇది యెవరి పాపము?’ అను మొదటి ప్రశ్న. ద్వితీయోపదేశకాండపు షరతు ఇశ్రాయేలు జనమంతటితో చేసినది. ఒక రైతు ఎండినచేనిని చూపి అతని పాపమును లెక్కించుటకు అది కొలబద్ద కాదు. అట్టి లెక్కను యోబు గ్రంథమును, పుట్టుగ్రుడ్డివాని విషయమున క్రీస్తు పలుకును త్రోసివేసినవి. అట్లని ధర్మశాస్త్రము నిష్ప్రయోజనము కాదు. రాయలసీమ చెరువులక్రింద నీరుగంటి యనువాడు గలడు: వాన కురిపించుట అతని చేతిలో లేదు, కురిసిన నీరు తూము దాటి, బలవంతుని మడిలోనే నిలిచిపోక చివరి మడిదాక వంతులవారీగ పారునట్లు చూచుటయే అతని పని. పొలము అంచులను, రాలిన పరిగెను పేదలకు విడువుమను లేవీయకాండపు ఆజ్ఞ చేయు పనియు అదియే. చెరువు నిండుటకు నీరుగంటిని నమ్ముకొనుట ధర్మశాస్త్రమును కృపగా భ్రమించుట. నిండినదిగదా యని నీరుగంటిని తొలగించుట కృపను వ్యర్థపఱచుట.