మెట్టనేల మీద గీసిన వలయం

ఆ ఊరు నిలవలేదు. నిలవదని తెలిసే ఈ కథ చెప్పుకోవాలి. తెలిశాక, వాళ్లు పెట్టుకున్న ఒక్కొక్క ఆశా మనసును మెలిపెడుతుంది.

ఇవాళ బెంగళూరు వైట్‌ఫీల్డ్ అంటే మన పిల్లలు ఉద్యోగాలు చేసుకునే చోటు. అనంతపురం నుంచో ఖమ్మం నుంచో వచ్చి, అపార్టుమెంటు వాయిదాలు కట్టుకుంటూ, సాయంత్రాలు ట్రాఫిక్‌లో పోగొట్టుకునే చోటు. ఆ అద్దాల మేడల నడుమ ఒకప్పుడు సేద్యం కోసమే వెలసిన ఒక చిన్న పల్లె ఉండేది. తమదంటూ గడ్డ లేని మనుషులు ఇది మాది అనుకుని కట్టుకున్న పల్లె అది.

వాళ్లు ఆంగ్లో ఇండియన్లు. మనకు కొత్తవాళ్లేం కాదు. గుంతకల్లులో, బిట్రగుంటలో, సికింద్రాబాదు లాలాగూడలో రైల్వే క్వార్టర్ల మధ్య బతికినవాళ్లు. మన తాతలెక్కిన రైళ్లను నడిపినవాళ్లు. దొరలు వాళ్లను తమ పంక్తిలో కూర్చోబెట్టుకోలేదు, ఊళ్లు తమ బిడ్డలనుకోలేదు. తల్లిదండ్రుల్లో ఒకరు భారతీయులైతే చాలు, పెద్ద కొలువులకు పనికిరారని ఈస్టిండియా కంపెనీ 1791లోనే తలుపు మూసింది. తరవాత రైళ్లు, తంతి, సుంకం కచేరీలు ఒక సన్నని దారి తెరిచాయి. ఆ దారీ ఎప్పుడు మూసుకుంటుందోనని మద్రాసులో డి.ఎస్. వైట్ అనే పెద్దాయన దిగులుపడ్డాడు. కొలువు ఒకరి దయ, భూమి మాత్రం తమది అని నమ్మాడు. తనవాళ్లు నాగలి పట్టాలని కలగన్నాడు.

ఆ కల మైసూరు దర్బారును కదిలించింది. సింహాసనం తమ వంశానికి తిరిగి దక్కిన మరుసటి ఏడే, 1882లో, పదో చామరాజ ఒడెయరు ఆంగ్లో ఇండియన్ల సంఘానికి 3,900 ఎకరాలు ఇచ్చాడు. వైట్ పేరు మీద వైట్‌ఫీల్డు, దాని పక్కన సాస్‌మండు వెలిశాయి.

ఆ నేల ఎలాంటిదో ఒక్క క్షణం ఆగి చూడాలి. మద్రాసు రైలుమార్గం ఉత్తరాన కాడుగోడి మీదుగా పోతుంది. దక్షిణాన వర్తూరు చెరువు; అది నిండి పొర్లితే ఆ నీళ్లు దక్షిణ పినాకినిలోకి పోతాయి. ఊరు మాత్రం మిట్ట మీద, ఎర్రమట్టిలో. రాగులు, ఉలవలు పండే మెట్ట. అంతకు కొద్ది ఏళ్ల ముందే, 1876 నుంచి 78 దాకా, రాయలసీమ ఇప్పటికీ ధాత కరువు అని తలుచుకునే ఆ మహాక్షామం మైసూరు సీమలో లక్షల మందిని మింగింది. తరతరాలుగా ఆ మట్టిని ఎరిగిన రైతుకే అన్నం పెట్టలేని నేలను, టికెట్లు కొట్టిన చేతులకు, తంతి మీటలు నొక్కిన వేళ్లకు అప్పగించారు. ఇచ్చినవాడిది మంచి మనసే. పుచ్చుకున్నవాళ్లదీ నిండు నమ్మకమే. అందుకే గుండె కలుక్కుమంటుంది.

అయినా ఎంత ముచ్చటగా గీసుకున్నారు ఆ ఊరిని! నడుమ ఖాళీ మైదానం, దాని చుట్టూ గుండ్రంగా ఇళ్లు, బండి చక్రంలా అమరిన దారులు, ఆ వలయం అవతల పొలాలు. పెంకుటిళ్లకు లోతైన వసారాలు, ఇంటింటికీ తోట, ప్రార్థనకు గుడి. ఎవరి గుమ్మంలో నిలబడినా ఎదుటి గుమ్మం కనబడే ఊరు. ఎక్కడికి వెళ్లినా పరాయివాళ్లమే అనిపించుకున్న వాళ్లకు ఆ చూపు ఎంత ధైర్యమిచ్చి ఉంటుందో!

అప్పుడే నీటికి, పెట్టుబడికి, సేద్యం నేర్పే చేతికి తగిన దన్ను దొరికి ఉంటే? బహుశా రెండో తరం పొలంలోనే నిలిచేదేమో. నిలవలేదు. పిల్లలు మళ్లీ రైల్వేకు, కోలారు బంగారు గనులకు, కంటోన్మెంటు కొలువులకు వెళ్లిపోయారు. పొలాల ఊరు మెల్లగా పింఛనుదారుల ఊరయింది. యువకుడైన చర్చిల్ అక్కడి సత్రానికి వచ్చేవాడని ఒక కథ తిరుగుతుంటుంది. ఆ కథ చెప్పేవాళ్లలో ఎండిన బావుల సంగతి చెప్పేవాళ్లు తక్కువ.

1947 వచ్చింది. ఈ దేశమే మన ఇల్లు అని ఆంగ్లో ఇండియన్ల నాయకుడు ఫ్రాంక్ ఆంటొనీ తన వాళ్లకు పదేపదే చెప్పాడు. చాలామంది వినలేకపోయారు. భయమో, బంధువుల పిలుపో, ఇంగ్లండుకు, ఆస్ట్రేలియాకు, కెనడాకు ఓడలెక్కారు. ఒక్కో ఓడతో ఆ వలయంలో ఒక్కో వసారా ఖాళీ అయింది.

ఆఖరి అవకాశం 1990లలో ఉండేది. సింగపూరు భాగస్వామ్యంతో టెక్ పార్కు మొదలైన ఆ రోజుల్లోనే, ఆ చిన్న వలయాన్ని, చెట్లతో, పెంకుటిళ్లతో సహా, వారసత్వంగా కాపాడుకుని ఉండవచ్చు. మహానగరానికి అదెంత జాగా! కానీ గజాల లెక్క మొదలయ్యాక తోటలు తోటల్లా కనబడలేదు. రాగి పండించడానికి మొరాయించిన ఆ మట్టే, దాన్ని నమ్ముకున్నవాళ్లు వెళ్లిపోయాక, బంగారమై కూర్చుంది. 2007లో ఊరు బెంగళూరు మహానగర పాలికెలో కలిసింది. 2020లో చట్టసభల్లో ఆంగ్లో ఇండియన్లకున్న నామినేటెడ్ సీట్లు కూడా పోయాయి. 2023లో మెట్రో కాడుగోడి దాకా వచ్చింది.

ఇన్నర్ సర్కిల్ అనే ఆ గుండ్రని దారి ఇంకా ఉంది. పాత ఇళ్లు కొన్నే మిగిలాయి. వాటిలో ఏదైనా అమ్ముడుపోయిందని విన్నప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. కానీ ఎక్కడో దూరదేశంలో, వృద్ధాప్యంలో, తాతల ఇంటి పన్ను కట్టలేక, పైకప్పు బాగుచేయించుకోలేక, ఆ కాగితం మీద సంతకం పెట్టే చేతిని నేనెలా నిందించను? ఆ చేయి పట్టుకుని, ఉండండి, ఇది మీ ఊరే అని మనమెవరం ఎప్పుడు చెప్పాం?